గప్పీలకు ఎంత తొట్టి కావాలి?

“పాపా, ఆ గాజు తొట్టి పగిలి ఇల్లంతా వరదొస్తే ఏం చేసేది? ప్లగ్గులోకి నీళ్లు పోతే అందరికీ షాకే గదా!”

తొట్టి ఇంకా కొననే లేదు. పరీక్షల్లో మంచి మార్కులు తెచ్చుకున్న మా అమ్మాయి ప్రశాంతి బహుమతిగా చేపలు కావాలన్నది, అంతే. అనంతపురం జిల్లాలో, వారానికొకసారి కొళాయి వచ్చే వీధిలో కూర్చుని వరదకు భయపడ్డ ఇల్లాలిని బహుశా నేనొక్కదాన్నే.

అయినా ఇప్పుడు ఢంకా బజాయించి చెబుతున్నాను. చేపలు పెంచడానికి మన కరువు సీమను మించిన చోటు ఈ భూమ్మీద లేదు!

నమ్మరా? వినండి.

అక్వేరియం అంగడిలో నేను నేరుగా గుండ్రటి గాజు గిన్నె దగ్గరికి పోయాను. పగిలితే పోయేది రెండు చెంబులే కదా! అంగడాయన చెన్నప్ప అడ్డం పడ్డాడు.

“అది వద్దక్కా. చూసేకి బాగుంటాది గానీ, మన ఎండకు మధ్యాన్నానికే కాగిపోతాది. నీళ్లు తక్కువైతే తొందరగా చెడిపోతాయి గూడా.”

“ఆ నీలంగా మెరిసేటివి?” అంది ప్రశాంతి.

“నియాన్లా? వాటికి మెత్తటి నీళ్లు కావాల పాపా. గప్పీలు తీస్కో. మన బోరు నీళ్లంటే వాటికి పానం.”

చూశారా! మన బిందెలకు తెల్లగా పెచ్చు కట్టించి, తలవెంట్రుకల్ని కొబ్బరి పీచు చేసి, పప్పును సాయంత్రందాకా ఉడకనివ్వని ఆ నీళ్లంటే గప్పీలకు ప్రాణమట. ఇంత మర్యాద మన నీళ్లకు ఇంకెవరైనా ఇచ్చారా?

“కరుచుకుంటాయేమో అన్నా?” నా భయం నాది.

“గప్పీలు కరవవక్కా. ఫైటర్‌ను మాత్రం వాటితో వేయద్దు. తోకలు కొరికేస్తాది.”

ఫైటరట! ఆ చేపను ఒక్కసారి మా కొళాయి దగ్గర బిందెల వరసలో నిలబెట్టమనండి. మా వీధి చౌడేశ్వరక్క ఒక్క చూపు చూస్తే తోక ముడుచుకుని ఇంటికి పోతుంది.

“ఇంకోటి. కొళాయి నీళ్లు అప్పటికప్పుడు పోయద్దు. మందు వాసన పోయేకి ఒకదినం నిల్వ పెట్టాల.”

నేనూ ప్రశాంతీ పడీపడీ నవ్వాం. మా ఇంట్లో నిల్వ లేని నీళ్లెక్కడివి? కొళాయి వచ్చిన రోజు డ్రమ్ములు, బిందెలు, కుక్కరు, చివరికి టిఫిన్ క్యారియరు గిన్నెలు కూడా నింపేస్తాం. ఇరవై నాలుగ్గంటలూ నీళ్లొచ్చే మహానగరాల వాళ్లకు ఈ భాగ్యం ఎక్కడిది పాపం!

“ఇంతకీ ఎంత తొట్టి తీసుకోవాలన్నా?”

“ఈ పొద్దు ఎన్ని చేపలుండాయో చూసుకోని తీసుకునేది గాదక్కా. రేపు ఎన్నయితాయో చూసుకోవాల. గప్పీలు పిల్లల్ని పెడతానే ఉంటాయి.”

ఆ మాటతో నాకు చెమటలు పట్టాయి. మధ్యరకం తొట్టిని దాటేసి డెబ్బై లీటర్లది తెచ్చాను.

ఆ తర్వాత లాభాలే లాభాలు! వారం వారం తీసేసే పాత నీళ్లతో కరివేపాకు చెట్టు గుబురుగా ఎదిగింది. డెంగీ భయంతో వాడుకనీళ్ల డ్రమ్ములో రెండు గప్పీలను వదిలితే దోమపురుగులు మాయం. చెంబులోంచి నెత్తిమీదికి చేప పడిందని మా ఆయన ఒకరోజు కేకలేశాడు. గోవాలో అయితే అలాంటి స్నానానికి ‘ఫిష్ స్పా’ అని డబ్బు తీసుకుంటారు!

అయితే ఈ వారం కొళాయి రాలేదు. నీళ్లు మార్చే రోజు దాటిపోయింది. చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. ప్రశాంతి తొట్టి ముందు కూర్చుని అన్నం ముట్టలేదు. ఇంట్లో మిగిలినవి రెండు బిందెలు. గుండె చిక్కబట్టుకుని ఒకటి తొట్టిలో పోశాను. కాసేపటికి చేపలు కిందికి దిగాయి, పాప కంచం ముందుకు వచ్చింది.

అప్పుడు లెక్క తట్టింది. చేపకింత అని కొలిచి తొట్టి కొన్నాం. మిగిలిన ఒక్క బిందెతో మనుషులం ముగ్గురం. మరి మమ్మల్ని కొలిచిందెవరు?

ఖాళీ బిందె చంకనేసుకుని వీధి చివరికి పోయాను. మా వీధికి నీళ్లు వదిలే గంగప్ప, వాల్వు తిప్పే ఇనుప కడ్డీ పట్టుకుని ఓవర్‌హెడ్ ట్యాంకు నీడలో కూర్చుని ఉన్నాడు.

“గంగప్పన్నా, ఈ ట్యాంకు ఎంతమందికని కట్టినారు?”

గంగప్ప ట్యాంకు వైపు చూశాడు. మా వీధి వైపు చూశాడు. దాని వెనక లేచిన కొత్త వీధుల వైపు చూశాడు. బీడీ తీశాడు, ముట్టించకుండానే జేబులో పెట్టుకున్నాడు. నేను బిందె చంక మార్చుకున్నాను.

కడ్డీ ఎత్తి మా వీధి వైపు చూపించాడు.

“ఇది కట్టేటప్పుడు మీ వీధే లేదక్కా. ఈడంతా శెనక్కాయ చేన్లు.”