గోడ దాటని తూటా

ఇంట్లో తుపాకీ ఉండటం గొప్ప కాదు. ఏ తుపాకీ కొనాలా అని ఆలోచిస్తూ ఉండటం గొప్ప! మగవాడి బుద్ధి పెడదారి పట్టకుండా కాపాడే వ్యాపకం ఇంతకు మించి మరొకటి లేదు. తాగుడు కన్నా ఆరోగ్యం, పేకాట కన్నా మర్యాద. చర్చికి వెళ్తే భక్తి ఒక్కటే దొరుకుతుంది. ఇక్కడ భయం కూడా దొరుకుతుంది!

నమ్మరా? అయితే మా వీధి చివర ఇంట్లో ఉండే డెల్మర్ హాచర్ సంగతి వినండి. ఆ తర్వాత ఓక్లహోమా మొత్తం వెతికినా ఇంతకన్నా భద్రమైన ఇల్లు చూపించలేరు.

డెల్మర్ కార్పెట్లు అమ్ముతాడు. భార్య నోలా స్కూలు బస్సు నడుపుతుంది. కూతురు కార్లీ హైస్కూలు బ్యాండులో ట్రంపెట్ వాయిస్తుంది. ఆ ఇంట్లో ఎత్తుకుపోదగ్గ వస్తువంటూ ఉంటే అది నోలా వాళ్ల అమ్మమ్మ నాటి పోత ఇనప పెనం ఒక్కటే. దాన్ని మోయడానికి ఇద్దరు దొంగలు కావాలి.

అలాంటి ఇంటి వెనక వరండాలోంచి ఒకరోజు మాంసం కాల్చుకునే గ్రిల్లు పొయ్యికి తగిలించిన గ్యాస్ సిలిండర్ మాయమైంది. మామూలు మనిషైతే తిట్టుకుని ఇంకోటి తెచ్చుకుంటాడు. డెల్మర్ మామూలు మనిషా?

"ఇవాళ సిలిండర్. రేపు మనమే!" అన్నాడు.

"మనల్ని ఎత్తుకుపోయి ఏం చేసుకుంటారయ్యా? నిన్నయితే తెల్లారేసరికి వాళ్లే తెచ్చి దిగబెడతారు," అంది నోలా.

ఆడవాళ్లకు ముందుచూపు ఉండదు కదా! డెల్మర్ ఆ శనివారమే ఛెట్ కొట్టుకు వెళ్లాడు. ఛెట్ మా ఊళ్లో తుపాకులు అమ్మే పెద్దమనిషి. భయంతో వచ్చినవాడి భయం ఎక్కడ తగ్గిపోతుందోనని కంటికి రెప్పలా చూసుకుంటాడు.

"చూడు తమ్ముడూ," అన్నాడు ఛెట్. "షాట్‌గన్ అనుకో, చప్పుడుకే దొంగకు గుండె ఆగుతుంది. కానీ పొడుగెక్కువ. నీ నడవాలో దాన్ని తిప్పుకునేలోపు వాడు టీవీ మోసుకుపోతాడు. పిస్తోలు అనుకో, మంచం పక్కనే పడి ఉంటుంది. కానీ చెయ్యి వణికిందా, దొంగకు తప్ప అన్నిటికీ తగులుతుంది. రైఫిల్ అనుకో, గురి తప్పదు. కాకపోతే దొంగలోంచి దూరి, గోడలోంచి దూరి, పక్కింటివాడి సూపులో తేలుతుంది."

"మరి ఏది తీసుకోమంటావ్?"

"మూడూ ఉంటే మంచిది."

డెల్మర్ పిస్తోలుతో సరిపెట్టుకున్నాడు. అసలు చదువు అప్పుడే మొదలైంది. ఏ తూటా? చిన్నదైతే దొంగకు దురద పుట్టి ఊరుకుంటుందేమో! పెద్దదైతే ఆగదేమో! మా ఇళ్ల గోడల సంగతి మీకు తెలిసిందే. బోర్డు ముక్కలకు రంగు పూసి గోడ అని పేరు పెట్టారు. అలిగిన పిల్లి తన్నినా సొట్ట పడుతుంది. డెల్మర్ పడకగదికీ కార్లీ గదికీ మధ్య ఉన్నది అలాంటి గోడే.

"ఈ రకానికి ముక్కు దగ్గర బోలుగా ఉంటుంది," అన్నాడు ఒకరోజు, ఆలుగడ్డ ముద్ద వడ్డించుకుంటూ. "ఒంట్లో దిగగానే పువ్వులా విచ్చుకుని అక్కడే ఆగిపోతుంది."

"తగిలితే కదా! తగలకపోతే?" అంది నోలా.

"ఎందుకు తగలదు?"

"నాన్నా, బౌలింగ్ ఆటలో పిన్నులు పడగొట్టడానికి నువ్వు బంతి దొర్లిస్తే పక్కవాళ్ల వరసలోకి పోతుంది," అంది కార్లీ.

డెల్మర్ నొచ్చుకున్నాడు. అయినా తండ్రి కదా, జాగ్రత్త పడ్డాడు. ఏం జాగ్రత్తంటారు? తుపాకీ జరపలేదు, కూతురి మంచం జరిపాడు! కిటికీ కింది నుంచి ఎదుటి గోడ వైపుకు మార్చాడు. ఇంట్లో అడుగుపెట్టేవాళ్లు వాకిట్లోంచే పేరు అరిచి చెప్పాలని నియమం పెట్టాడు. కార్లీ స్నేహితులు రావడం మానేశారు. నోలా తన వంటింట్లోకి తాను రావడానికి "నేనేనయ్యా, నీ పెళ్లాన్ని!" అని వీధంతా వినబడేలా కేక వేసేది. ఎదురింటివాళ్లు చెయ్యి ఊపేవాళ్లు.

అక్టోబరులో ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చాక, డెల్మర్ పిస్తోలు చటుక్కున తీయడం సాధన చేద్దామని కూర్చున్నాడు. పిడిలోంచి తూటాల అర బయటికి తీసేశాడు. గొట్టంలో ఒకటి మిగిలి ఉందని మరిచిపోయాడు.

అది పేలింది. బట్టల అలమర దాటి, గోడ దాటి, కార్లీ గది దాటి, మంచం జరిపిన చోటికే వెతుక్కుంటూ వెళ్లి దిండులో దిగింది. అప్పటిదాకా ఆ దిండు మీద తల పెట్టుకుని పడుకున్న పిల్లను, యాపిల్ పై ఫలహారం చల్లారిపోతోందని తల్లి కేకేసి అప్పుడే వంటింట్లోకి పిలిచింది.

ముగ్గురూ ఆ గదిలో నిలబడ్డారు. కార్లీ దిండు చేతిలోకి తీసుకుని చిల్లులో వేలు పెట్టి చూసింది. ఏడవలేదు.

"నాన్నా, నేను పేరు చెప్పే కదా లోపలికి వచ్చాను?" అంది.

డెల్మర్ తానే పరిచిన కార్పెట్ మీద కూలబడ్డాడు. కూతురి మొహంలోకి చూడలేక దిండు వంకే చూస్తూ కూర్చున్నాడు.

"బట్టలు సర్దుకో," అంది నోలా కూతురితో. సాయంత్రానికల్లా తల్లీకూతుళ్లు పక్క ఊళ్లో ఉన్న నోలా చెల్లెలి ఇంటికి చేరారు.

మర్నాడు డెల్మర్ ఛెట్ కొట్టుకు వెళ్లాడు. పిస్తోలు తిరిగి ఇచ్చేయడానికే అనుకుంటున్నారా? మీకూ ముందుచూపు లేదన్నమాట!

ఛెట్ అంతా విని టోపీ తీశాడు. "దేవుడు కాపాడాడు తమ్ముడూ! తూటా ఎంపికలో పొరపాటు. బట్టా బోర్డూ దూరి ముక్కు మూసుకుపోతే ఆ రకం విచ్చుకోదు. ఇదిగో, ఇది తీసుకెళ్లు."

డెల్మర్‌కు ప్రాణం లేచొచ్చింది. తప్పు తనది కాదు, తూటాది! ఇంటికి రాగానే నోలాకు ఫోన్ చేశాడు.

"కొత్త రకం తెచ్చాను. ఇక భయం లేదు, వచ్చేయండి."

"గోడ దాటదా?"

"దాటదు. ఛెట్ మాటిచ్చాడు."

"అయితే వెళ్లి కార్లీ మంచం మీద పడుకో. ఇవతల గదిలోంచి నేను కాలుస్తాను. ఆ తర్వాత కూడా నువ్వు ఇదే మాట అంటే వస్తాం."

"ఛెట్‌ను అడిగి చెబుతాను," అన్నాడు డెల్మర్. నోలా ఫోన్ పెట్టేసింది.

ఇంటిల్లిపాదీ కలిసి భోంచేసే థాంక్స్‌గివింగ్ పండగ కూడా వెళ్లిపోయింది, తల్లీకూతుళ్లు రాలేదు. డెల్మర్ గడియల మీద గడియలు వేసి తలుపులు బిగించుకుని ఇంట్లోనే ఉంటున్నాడు. ఇప్పుడా ఇంట్లో కాపాడుకోవలసింది ఆ పిస్తోలు ఒక్కటే. దాన్ని ఎవడు ఎత్తుకుపోతాడోనని పగలనకా రాత్రనకా కాపలా కాస్తున్నాడు.

అలాంటి ఖరీదైన వస్తువుకు కాపలాగా ఇంకో తుపాకీ ఉంటే మంచిదని ఛెట్ అంటున్నాడట!