తెర పట్టని ఇల్లు

ప్రొజెక్టర్‌లో బొమ్మ సరిగ్గా పట్టకపోవడం మానవజాతికి మహోపకారం! నవ్వకండి. సీరియస్‌గానే చెబుతున్నాను. సీరియస్‌గా చెప్పినప్పుడే జనం నవ్వడం నా జాతకం.

యాప్రాల్‌లో మా కాలనీ మీటింగులు ఒకప్పుడు ఎలా ఉండేవి? ముందు గొంతులు లేచేవి, తర్వాత కుర్చీలు లేచేవి, చివరికి జనమే లేచిపోయేవారు. ఇంటికో సాఫ్ట్‌వేర్ కుర్రాడు తయారయ్యాక ఆఫీసు ప్రొజెక్టర్ అరువు తెచ్చుకుంటున్నాం. మొదటి గంట అది పనిచెయ్యదు. ఆ గంటసేపు ఎంత ఐకమత్యమనుకున్నారు! ప్రహరీ తగాదాలో కోర్టుకెక్కిన ఇద్దరు ఒకే వైరును చెరో కొసా పట్టుకుని ఊపుతారు. రిటైరైన లెక్కల మాస్టారు సైతం ల్యాప్‌టాప్ మీద ఓ మీట నొక్కి పుణ్యం కట్టుకుంటారు. ఇంతమందిని కలిపే యంత్రం ఇంకోటుందా?

ఆమధ్య మీటింగు మంచినీళ్ల పైపు గురించి. వీధి చివర లోవమ్మగారి ఇల్లు. తుని వైపు నుంచి కొడుకు ఉద్యోగం కోసం ఇటొచ్చిన మనిషి. అరవై దాటినా ట్యాంకర్ వెనక పరుగు తప్పలేదు. నీరు లేకపోతే రసమే కాదు, మనిషీ నీరసమే కదా!

మా ఎదురింటి పాల్ పైపు ప్లాన్ కంప్యూటర్లో గీసుకొచ్చాడు. ల్యాప్‌టాప్‌లో వీధి మొత్తం ఉంది. తెర మీద మాత్రం సరిగ్గా మా ఇంటి దగ్గర తెగింది!

"మా ఇల్లేది బాబూ?" అంది లోవమ్మ.

"ఉందాంటీ. రిజల్యూషన్ కుదర్లేదు, అంతే. తెర పక్కన ఆ గోడ మీద ఉందనుకోండి."

"గోడ మీదుంటే నీళ్లెలాగొస్తాయి బాబూ?"

పాల్ రిజల్యూషన్ మార్చాడు. తెర నీలంగా మారి ఊరుకుంది. మళ్లీ మార్చాడు. ఆహా! లోవమ్మ ఇంటితో సహా వీధంతా పట్టేసింది. కాకపోతే అక్షరాలు చీమలంత.

మా ప్రెసిడెంటు జీవరాజుకు నచ్చలేదు.

"ఏందిది పాల్, చీమలు పాకుతున్నయ్! ఇందాకటిదే పెట్టు. పెద్దగ, సినిమా లెక్క మస్తుండె."

ఇందాకటిదే పెట్టారు. అందరం చేతులెత్తాం. 'తెర మీద చూపిన మేరకు పైపు వేయుటకు తీర్మానించడమైనది' అని మినిట్స్‌లో ఎక్కింది. కంప్యూటర్ రిజల్యూషన్ కుదరకపోతేనేం, కాలనీ రిజల్యూషన్ పాసైంది!

కాంట్రాక్టరు నిజాయితీపరుడు. చూపిన మేరకే తవ్వాడు. పైపు మా గేటు దగ్గర ఆగింది. ప్రొజెక్టర్ చల్లగా ఉండాలని నేనెందుకు కోరుకుంటున్నానో ఇప్పుడర్థమైందా?

ఒక్కటే ఇబ్బంది. తెల్లారకముందే లోవమ్మగారి బిందెలు మా గేటు ముందు బారులు తీరుతున్నాయి. వాటి రిజల్యూషన్‌కు మాత్రం వంక పెట్టలేం. ఎటు తిరిగి పడుకున్నా స్పష్టంగా కనిపిస్తున్నాయి!

మొన్న ఆదివారం మళ్లీ మీటింగు. పైపు విజయోత్సవం ఫొటోలు వేస్తున్నారు. లోవమ్మ లేచి, తిన్నగా వెళ్లి ప్రొజెక్టర్ వెలుగులో నిలబడింది. ఆవిడ నీడ తెరంతా పరుచుకుంది. ఈ కొస నుంచి ఆ కొస దాకా, ఒక్క అంగుళం తెగలేదు!

"అమ్మా, జెర పక్కకు జరుగు. ఫొటోలు కనిపిస్తలేవు," అన్నాడు జీవరాజు.

"మా ఇల్లైతే పట్టలేదన్నారు కదా బాబూ. నేను పట్టేనా?"

లోవమ్మ కదల్లేదు.

"ఏయ్ పాల్," అన్నాడు ప్రెసిడెంటు గొంతు తగ్గించి, "ఆమె కనిపించకుండ సెట్ చెయ్యరాదా?"

"అట్లాంటి సెట్టింగ్ కంప్యూటర్లో ఉండదంకుల్."

నిజమే. అది కాలనీ కమిటీలకే ఫ్యాక్టరీలో బిగించి పంపిస్తారు.