సూది మధ్యకి వచ్చే దాకా

ఆ శుక్రవారం పొద్దున్న నాగేశ్వరప్రసాద్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి పెరట్లో భార్యకి నాలుగు ఫోటోలు తీయడం, ఎనిమిదింటికి రావులపాలెం మార్కెట్లో అరటిగెలల వేలంపాటకి నిలబడడం. ఇంత చిన్న పథకం పూర్తిగా చెడడానికి మూడు వారాలు పట్టింది.

ఆయనకి ఫోటోల పిచ్చి లేదు. పాతికేళ్ళ కిందట పెళ్ళివారు పంటు మీద గోదారి దాటుతుంటే ఫోటోగ్రాఫరు సంచి నీళ్ళలో పడింది. పెళ్ళి జరిగిందనడానికి మొగుడూ పెళ్ళాం మిగిలారు గానీ, బొమ్మ ఒక్కటీ మిగల్లేదు. రాబోయే పెళ్ళిరోజుకి ఫోన్లో తీస్తానంటే మీనాకుమారి ఒప్పుకోలేదు.

"పోయింది రీలండి. రావాల్సిందీ రీలే. ఫోన్లో అయితే మొన్న గేదె ఈనినప్పుడు కూడా తీశారు."

అందుకని ఆయన రాజమండ్రిలో ఒకాయన దగ్గర పాత రీలు కెమెరా కొన్నాడు. దాంతోపాటు ఇంగ్లీషు పుస్తకం ఒకటి వస్తే, గౌరవంగా బీరువాలో పెట్టాడు. అమ్మినాయన చెప్పింది ఒక్కటే మాట: "ఇందులోంచి చూస్తే సూది కనపడుద్దండి. వెలుగు సరిపోతే మధ్యలో నిలబడుద్ది. నిలబడే దాకా ఈ రింగులు తిప్పండి, నిలబడ్డాక నొక్కండి."

ఆ ఇంట్లో ఏ మిషనైనా మీనాకుమారి చేతి బొట్టు పడ్డాకే తిరగాలి. నీళ్ళ మోటారు నుంచి మిక్సీ దాకా అదే పద్ధతి. కెమెరాకీ పూజ అయింది.

"గాజు మీద పెట్టకే!"

"ఆ మాత్రం తెలీదేంటండి? అది కన్ను. దాని పైన నుదురుంది కదా, అక్కడ పెట్టాను."

నిజమే. లెన్సు పైన గుండ్రంగా చిన్న బిళ్ళ ఉంది, బొట్టు కోసమే చేసినట్టు. దాని మీద దట్టంగా గంధం, మధ్యలో కుంకుమ. ఎవరైనా బొట్టునే చూస్తారు గానీ, దాని కింద ఏముందో చూడరు.

పెరట్లో సూది అడుగున పడుకుని ఉంది. ఆయన రింగులు తిప్పాడు. వెలుగు వచ్చే దారి పూర్తిగా తెరిచాడు, షట్టరు బాగా నిదానం చేశాడు. చివరికి సూది బద్ధకంగా లేచింది. రీలంతా నొక్కేశాడు.

రీళ్ళు కడిగే అబ్రహాము గారి స్టూడియో రాజమండ్రిలో ఉంది. రీలు బస్సులో వెళ్ళి, నెగటివ్ అయి బస్సులోనే తిరిగొచ్చింది. తారు పూసినట్టు నల్లగా ఉంది. "ప్రింటుకి పనికిరాదు" అని చీటీ కూడా ఉంది.

"నల్లగా ఉందంటే చీకటండి బాబూ!" అన్నాడు మార్కెట్లో పక్క కొట్టు పోతురాజు. "చెల్లెమ్మని ఎండలో నిలబెట్టండి."

అబ్రహాము గారికి ఫోన్ చేస్తే ఒక్క నిమిషం పని. కానీ అడిగితే మనకి తెలియదన్న సంగతి తెలిసిపోతుంది. దానికన్నా ఇంకో రీలు పాడుచేసుకోవడమే మగవాడికి మర్యాద.

రెండో శుక్రవారం కెమెరాకి బొట్టు మీద బొట్టు పడింది. మిట్టమధ్యాహ్నం మీనాకుమారి పట్టుచీరలో కాలవ గట్టు మీద నిలబడింది. వెలుగు చాలదేమోనని పోతురాజు డ్రెస్సింగ్ టేబుల్ అద్దం ఊడదీసి ఎండని ఆవిడ ముఖం మీదికి కొట్టాడు. చెయ్యి జారి ఆ ఎండ ఎదురుగా వస్తున్న గెలల ఆటో డ్రైవరు కళ్ళలో పడింది. ఆటో గట్టు దిగి, పక్కింటి రామతులసి గారి వడియాల మంచం మీద ఆగింది.

ఈసారి నెగటివ్ మరీ నల్లగా వచ్చింది.

మూడో శుక్రవారం సాయంత్రం షామియానా వాళ్ళ దగ్గర్నుంచి నాలుగు పెద్ద లైట్లు దిగాయి. అన్నీ ఒక్కసారి వెలిగాయి. రెండు నిమిషాల్లో ఆయన రీలంతా నొక్కేశాడు, అంతలో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఠప్‌మంది. వీధంతా చీకటి.

"ఏంటన్నయ్యగారూ!" గోడ అవతలి నుంచి రామతులసి గారు. "మొన్న మా వడియాలు, ఇవాళ మా గ్రైండరు. రేపేం కావాలో ఇప్పుడే చెప్పండి, తీసి బయట పెట్టుకుంటాం!"

మీనాకుమారి లోపలికెళ్ళి చీర మార్చుకుంది. ఎండకి ముక్కు తోలు ఊడింది. "పోనీలెండి. నా బొమ్మ గోదారికీ ఇష్టం లేదు, కెమెరాకీ ఇష్టం లేదు," అంది. తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకి.

శనివారం అబ్రహాము గారే ఫోన్ చేశారు. "మూడోది కూడా అంతేనండి. కెమెరా పట్టుకుని ఒకసారి రండి బాబూ."

ఆదివారమే పెళ్ళిరోజు. ఇద్దరూ కెమెరాతో రాజమండ్రి బస్సెక్కారు. పట్టుచీర వద్దంటే వద్దంది గానీ, చివరికి కట్టుకునే వచ్చింది.

"చీకటి ఎక్కువవుతోందండి," అన్నాడు నాగేశ్వరప్రసాద్, కారణం తెలిసినవాడిలా.

"వెలుగు ఎక్కువవుతోందండి," అన్నారు అబ్రహాము గారు. "మీ అరటిపండు మరీ మగ్గితే ఏ రంగు అవుద్ది?"

"నలుపు."

"నెగటివూ అంతే. మీరు మగ్గిందాన్ని పట్టుకెళ్ళి మళ్ళీ మగ్గేస్తున్నారు." కెమెరా తిప్పి చూసి ఆగిపోయారు. మూడు శుక్రవారాల గంధం వేలెడు మందాన ఉంది. "వెలుగు ఎంతుందో చూసి సూదికి చెప్పేది ఈ బిళ్ళేనండి. దీన్ని మూసేస్తే దానికి పట్టపగలే అమావాస్య. ఎవరండీ ఈ బొట్టు పెట్టింది?"

మీనాకుమారి ముఖం తెల్లబోయింది. మూడు వారాలుగా పోతురాజునీ, అద్దాన్నీ, కరెంటునీ, తన ముఖాన్నీ కూడా అనుమానించింది. చేతిని మాత్రం అనుమానించలేదు.

"నేనేనండి," అన్నాడు నాగేశ్వరప్రసాద్. "ఏదో సెంటిమెంటు."

అబ్రహాము గారు ఆవిడ వేలికున్న కుంకుమ చూశారు, ఆయన ముఖమూ చూశారు. తడిగుడ్డతో బిళ్ళ తుడిచి, కొత్త రీలు ఎక్కించి, ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టారు. సూది దానంతటదే మధ్యకి వచ్చింది. మధ్యాహ్నానికి ప్రింటు చేతిలో పడింది. చీర అంచు మీద హంసలు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉంది.

తిరుగు బస్సు కడియం నర్సరీలు దాటింది. జొన్నాడ వంతెన మీద, కింద గోదారిని చూస్తూ, మీనాకుమారి ఆయన చెయ్యి పట్టుకుంది. "అబద్ధం బానే ఆడతారే," అంది.

సాయంత్రానికి పటం కట్టించి గోడకి కొట్టారు. రామతులసి గారు కూడా వచ్చి కళ్ళార్పకుండా చూసి వెళ్ళారు. ఆవిడ గుమ్మం దాటగానే మీనాకుమారి కాటుక తీసి, పటం అద్దం మీద దిట్టంగా దిష్టిచుక్క పెట్టింది.

పెళ్ళికూతురు చక్కగా కనిపిస్తోంది. పెళ్ళికొడుకు చుక్క వెనకాల ఉన్నాడు.