అత్తాకోడండ్ల గుండ్లపై కుళ్ళాయప్ప దండయాత్ర

వానమబ్బు త్రోవ తప్పియైనను అడుగిడని దేశమున, వేరుసెనగ కట్టె పీకిన చేలలో గాలి తప్ప వేరొక పంట నిలువని కాలమున, బెళుగుప్పకు పడమట గాలిమరల మహాసేన మూడేసి చేతులతో ఆకాశమును అహోరాత్రములు చరచుచుండగా, శివరాత్రి ఇంక పది దినములున్నదనగా, ఒక మంగళవారము సాయంకాలము నాలుగున్నర గంటలకు, పాస్‌పోర్టు ఫోటో సార్వభౌముడును, పెండ్లిపందిళ్ళ గండరగండడును, ముప్పదియేండ్లుగా మండలములోని సమస్త వదనములను నీలితెర ముందు కూర్చుండబెట్టి గడ్డములు పైకెత్తించిన ధీరుడును అగు స్టూడియో కుళ్ళాయప్ప, మూడుకాళ్ళ స్టాండును గదవలె భుజమున మోపి, రీలు కెమెరాను కంఠహారముగా ధరించి, మోపెడు అను వాహనరాజము నధిరోహించి, అత్తాకోడండ్ల గుండ్లపై దండు వెడలెను.

చలి తగ్గినది. ఎండ ముదరలేదు. ఫోటోకు మంచి కాలము.

ఆ గుండ్లెట్టివనిన: ఏనుగులు రెండు నీళ్ళకని వచ్చి, నీళ్ళు లేక, నిలుచున్న చోటనే రాయైనట్లుండును. పెద్దది అత్త, చిన్నది కోడలు. అత్త కోడలిపై వాలియుండును, పడదు, తాకదు, నడుమ బెత్తెడు సందు. సాయంకాలపుటెండ ఆ సందులో కత్తివలె దూరి రాతిమీది ప్రతి గరుకును, ప్రతి పగులును, ఏనాటి వానలో గీచిన ప్రతి చారను నిద్రలేపి నిలబెట్టును. ఆ వేళ కెమెరా కంటికి ఎర్రయద్దము తగిలించిన, నీలాకాశము కాటుకవలె నల్లనై, రాయి వెండివలె వెలుగును. ఆ వెలుగు పావుగంట. తరువాత రెండును వట్టి రాళ్ళు.

ఈ దండయాత్రకు హేతువేమనిన: అనంతపురములో ఫోటోలవారి సంఘమొకటి ప్రదర్శన చాటించినది. రాతినేలల పటము కావలెను. రీలుతో, నలుపు తెలుపులో తీసినదై యుండవలెను. అందు మనిషి, పశువు, కరెంటు స్తంభము కనబడరాదు. రేపటి సాయంకాలములోగా అందవలెను. బహుమానము శాలువ. కుళ్ళాయప్పకు శాలువలు కలవు. ఆతని కడుపులోని మంట వేరు. ముప్పదియేండ్లలో ఆతడు తీసిన పటములలో ప్రతియొక్కటియు ఎవరో అడుగగా తీసినదే. ఎవరును అడుగక, తనకు తీయవలెననిపించి తీసినది ఒక్కటియు లేదు. ఒక్కటి కావలెను. అంతే.

అప్పటికి మూడు దినములుగా యుద్ధము సాగుచుండెను. ముప్పదియారు బొమ్మల రీలులో ముప్పదియైదు వీరస్వర్గము నలంకరించినవి. పండ్రెండింటిని అత్త తలవెనుకనుండి లేచిన గాలిమర రెక్క నరికినది. తొమ్మిదింటిలో, వానకు రాని మబ్బొకటి ఎండకు మాత్రము అడ్డము వచ్చినది. ఐదింటిలో మేక ఎక్కినది. ప్రతిసారియు అదే మేక. ఒకదానిలో కెమెరా మూత తీయుట మఱచెను. దానిని గూర్చి చరిత్ర మాటాడదు. మిగిలినవాని కథ చెప్పుకొని ప్రయోజనము లేదు. ప్రాణములతో నున్నది ముప్పదియారవది యొక్కటే. వేరొక రీలు బెంగుళూరునుండి వచ్చుటకు మూడు దినములు పట్టును.

ఈసారి కుళ్ళాయప్ప స్టాండును కంచె ప్రక్కకు జరిపి గాలిమరను అత్త వెనుక దాచెను. మేక సంతకు పోయినదని విని సంతసించెను. సూర్యుడు గట్టుమీద రెండు మూరల యెత్తున నుండగా ఎర్రయద్దము బిగించి, ఒక కన్ను మూసి, వేరొక కన్ను కెమెరాకు ఆనించి చూచునప్పటికి, అత్తకును కోడలికిని ముందు, కందికట్టె మోపు నెత్తిన బెట్టుకొని, చేనుగలామె తిమ్మమ్మ నిలిచియుండెను.

“ఏమప్పా కుళ్ళాయప్పా, మా గుండ్లనేం చేస్తాండావు?”

“ఫోటో తీస్తాండా అక్కా. రోంత పక్కకు రా.”

“కలర్‌దేనా?”

పెండ్లికూతుండ్ర ముఖములు తెల్లబరచుటయందు తప్ప ఎన్నడును అసత్యమాడి యెరుగనివాడగుటచే ఆతడు నిజమే చెప్పెను.

“కాదక్కా. నలుపు తెలుపు.”

మోపు నేలబడెను. ధూళి లేచెను. గుండ్లకు మూడవ గుండై, నడుమున చేతులుంచి, ఆ వృద్ధనారీమణి దుర్గద్వారమువలె అడ్డము నిలిచి ఇట్లనియె:

“నలుపు తెలుపు ఫోటో యాడుంటాదప్పా? గోడకుంటాది, దండేసుకోని. బతికిన గుండుకు చచ్చినోళ్ళ ఫోటో తీస్తావా? మా ఇంటి ఆయప్ప పింఛను కాగితాలకని ఫోటో తీయమంటే, కలర్ ఇంకు అయిపోయిందని నలుపు తెలుపుది చేతిలో పెడితివి. ఎనిమిది దినాలప్పా! ఎనిమిది దినాలకు గోడకెక్కినాడు. నలభై ఏండ్లు ఈ గుండ్లకాడనే కూచోని ఇద్దరం సంగటి తింటిమి. ఆయప్ప పోయె. ఇప్పుడు వీటినీ పంపిస్తావా?”

ఆనాడు కుళ్ళాయప్ప స్టూడియోలో ఇంకు నిజముగనే అయిపోయియుండెను.

అంతలో అరువది గొఱ్ఱెల అక్షౌహిణితో కాపరి శ్రీరంగప్ప అటు వచ్చి, ఉభయసేనలను పరికించి, కంబళి పరచుకొని గట్టున కూర్చుండెను.

“ఆగినారేమి? కానీండి. పొద్దు ఇంకా ఉండాది,” అనెను.

కుళ్ళాయప్ప కెమెరా వదలి రెండడుగులు ముందుకు వచ్చి, కంఠము సవరించుకొని, ఏ పెండ్లిలోను మైకు అందుకొననివాడు, జీవితమున మొదటి మహోపన్యాసము చేసెను.

“అక్కా, ముప్పై ఏండ్లాయ. ఈ చేత్తో ఎన్ని తలకాయలు తీసినానో లెక్క లేదు. అన్నీ ఒకరు చెప్తే తీసినవే. ఇది నాకు. కలర్‌లో తీస్తే ఏముంటాది? మట్టి ఎర్రగా, నీ చీర పచ్చగా, కండ్లు ఆటి మీదికే పోతాయి. రంగు తీసేస్తే రాయొక్కటే ఉంటాది. అప్పుడే దాని మొగం తెలిసేది. చంపేదానికి కాదక్కా. చూసేదానికి.”

“బాగ చెప్పినాడు,” అనెను శ్రీరంగప్ప. “తిమ్మక్కా, నువ్వూ బాగ చెప్పినావు. ఇద్దరూ రోంత బిరీన కొట్లాడండి. పొద్దు మూరెడే ఉండాది.”

తిమ్మమ్మ వెనుకకు తిరిగి గుండ్లను చూచెను. పడమటి యెండ రాతిమీద పాకుచుండెను. ఆమె కంఠము కొంత దిగెను.

“పక్కన బతికినోళ్ళు నిలబడితే అది చచ్చినోళ్ళ ఫోటో కాదు. నన్ను పెట్టి తీయి.”

“మనిషి కనపడకూడదన్నారక్కా, ఫోటోల సంఘమోళ్ళు.”

“సగమే కనపడతా.”

“సగం మనిషైనా మనిషే గదా.”

“పోనీ చెయ్యి.”

“చెయ్యి ఎవురిది? మనిషిదే.”

“వేలప్పా! ఒక వేలు!”

“నా గొర్రెను నిలబెట్టుకోండి,” అనెను దాతృత్వమున కర్ణునితో తులతూగు శ్రీరంగప్ప.

“పశువు కూడా వద్దన్నారు.”

“మనిషొద్దు, పశువొద్దు. యాడోళ్ళప్పా ఆ సంఘమోళ్ళు? వాళ్ళకు ఇంట్లో ఎవురూ లేరా?” అనెను తిమ్మమ్మ.

పొద్దు జానెడైనది. కోడలి పాదములయొద్ద వెండి అప్పుడే సీసముగా మారుచుండెను. ముప్పదియేండ్ల మౌనము, మూడు దినముల యుద్ధము, ముప్పదియైదు బొమ్మల బలిదానము ఒక్క ముదుసలి మాటపై వ్రేలాడుచుండగా, కుళ్ళాయప్ప స్టాండు మర విప్పుటకు చేయి చాచెను. ఆమెను లాగివేయుట ఆతనికి చేతగాదు. ఆ ఇంకు సంగతి ఆతని భుజముమీద కూర్చుండియున్నది.

“సరేలే అక్కా,” అనెను.

ఆ సరే విన్న శ్రీరంగప్ప గొఱ్ఱెల వంక చూచుచు, ఎవరితోను కానట్లు, పలికెను.

“నీడ పెట్టండి. దయ్యానికి నీడుండదు. బతికినోళ్ళకే ఉంటాది.”

కుళ్ళాయప్ప జేబులోని సంఘమువారి కరపత్రము వెలికిదీసి, మొదటినుండి చివరివరకు చదివి, త్రిప్పి వెనుకవైపును చదివెను. నీడను గూర్చి అందులో ఒక్క అక్షరమును లేదు.

తిమ్మమ్మ పడమటివైపు నడిచెను. ఆమె నీడ తాటిచెట్టంతయై కోడలిని నిలువున మ్రింగెను.

“బయటికి రా అక్కా. ఇంకా. ఇంకా రోంత.”

“యాడికప్పా, విడపనకల్లుకు పోవాల్నా?”

“ఆ! ఆడనే. ఆడనే ఉండు.”

“ఇంతేనా? నా కొప్పొక్కటే పడతాండాది.”

“చాలు.”

“చాలునో లేదో నేను చెప్పాల.” ఆమె కొప్పును చేతితో తడిమి, బిగించి, రాతిమీది నల్లని చుక్క బిగిసినదో లేదో చూచుకొనెను. “ఇది నేనేనని తెలుస్తాదా?”

“నాకు తెలుస్తాదక్కా.”

ఆమె క్షణము ఆలోచించెను. పొద్దు బెత్తెడు.

“సరే. తీయి.”

కుళ్ళాయప్ప వంగెను. కెమెరాలో ఆకాశము నల్లనై నిలిచెను. అత్త వెండియై వాలెను. నడుమ సందులో వెలుగు కరవాలమువలె నిటారుగా నుండెను. గాలిమర లేదు. మేక లేదు. మబ్బు లేదు. వ్రేలు మీటపై నుంచి, ఊపిరి బిగబట్టి, ముప్పదియేండ్ల యలవాటు నోరు జారగా, ఆ మహావీరుడు, పటములో కొప్పు నీడ తప్ప మఱేమియు లేని తిమ్మమ్మ నుద్దేశించి గంభీరముగా ఆనతిచ్చెను.

“గడ్డం పైకి. కదలద్దు. కండ్లు మూయద్దు.”

తిమ్మమ్మ గడ్డము పైకెత్తెను. కదలలేదు. కండ్లు మూయక గుండ్లనే చూచుచు నిలిచెను. శ్రీరంగప్పయు, ఎందుకైనను మంచిదని, కదలలేదు.

టక్.

సూర్యుడు గట్టు దిగెను. రెండును వట్టి రాళ్ళైనవి.

తిమ్మమ్మ తిన్నగా అత్తయొద్దకు పోయి, రెండు చేతులుంచి, బలముకొలది నెట్టెను. మఱొకసారి నెట్టెను. చెవి యానించి వినెను.

“గట్టిగనే ఉండాది,” అని మోపు నెత్తికెత్తుకొనెను.

కావున, బెళుగుప్ప మొదలు శింగనమల వరకు గల పురజనులారా, కాపరులారా, కూలికి పోయి వచ్చువారలారా, ఆలకింపుడు! ఆ మంగళవారము పొద్దుగ్రుంకు వేళ స్టూడియో కుళ్ళాయప్ప, ఎవరును అడుగని రాజ్యమొకటి జయించినాడు. దాని వెడల్పు ముప్పదియారు మిల్లీమీటర్లు. ఎత్తు ఇరువదినాలుగు. అందాతడు ఏలిన కాలము సెకండులో ఎనిమిదవ వంతు. ఆ రాజ్యమున మనిషి లేడు, పశువు లేదు, కరెంటు స్తంభము లేదు. పడమటి యంచున ఆవగింజలో సగమంత నేల మాత్రము చీకటిగా నున్నది. అది తిమ్మమ్మది, అందాతనికి హక్కు లేదు.