సత్యరాజు గారి చెప్పుకోలేని అంశం

గురువారం ఉదయం మస్కట్‌లో, ఘుబ్రాలోని తమ రెండో అంతస్తు ఫ్లాట్‌లో టీ తాగుతూ సత్యరాజు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇవాళ డ్యూటీ. సాయంత్రం ప్రార్థన కూటం. వచ్చే బుధవారం మధ్యాహ్నం రెండున్నరకు విమానం. ఈలోగా ఎవరికీ ఏమీ చెప్పకూడదు. చేయాల్సిన పని ఏమీ లేని పథకం కాబట్టి చెడిపోవడానికి కూడా ఏమీ లేదనుకున్నాడు.

"ముందు ఫ్రాన్స్‌లో నీస్, తర్వాత కాన్, ఆపైన మొనాకో, అక్కణ్ణించి రైల్లో ఇటలీ, పోర్టోఫినో," అని భార్య మేరీకుమారి కాగితం చూసి చదివింది. ఆమె గొంతులో బైబిలు చదివేటప్పటి శ్రద్ధ ఉంది.

"నీస్ అంటే పేరులోనే నీసు వాసన కొడుతోంది మేరీ. నరసాపురం రేవులో పీల్చింది చాలలేదా మనకి? మొనాకో అయితే కిందున్న కొట్లో ప్యాకెట్టు దొరుకుతుంది, ఉప్పు బిస్కెట్లు."

"ఏవండీ, ఆ పది రోజులూ ఇలాంటివి మాట్లాడనని మాటివ్వండి. లేకపోతే ఇప్పుడే చెప్పండి, మీ సీటు వెనక వరుసకి మార్పిస్తాను."

మేరీకుమారి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. సత్యరాజు అదే ఆసుపత్రిలో మందుల స్టోర్ చూస్తాడు. మస్కట్ వచ్చి ఇరవై రెండేళ్లు. మొదటి లీవు అత్తగారి కంటి ఆపరేషన్‌కి పోయింది, రెండోది మరిది పెళ్లికి, మూడోది ఊళ్లో ఇంటి శ్లాబుకి, ఆ తర్వాత రెండు ఆ శ్లాబు కారినందుకు. సముద్రం ఇక్కడా ఉంది, ఇంటికి ఐదు నిమిషాల దూరంలో. కానీ ఆమె ఇసుకలో చాప పరిచి కూర్చున్న ప్రతిసారీ ఎవరో ఒక తెలుగాయన నడుచుకుంటూ వచ్చి, "సిస్టర్ గారూ, ఒక్కసారి బీపీ చూస్తారా," అని చెయ్యి చాపుతాడు. ఆమె కోరిక ఒక్కటే. తను నర్సునని ఎవరికీ తెలియని సముద్రం పక్కన, కుర్చీలో, కాళ్లు చాపుకుని కూర్చోవాలి.

రహస్యానికి కారణం సత్యరాజు చెల్లెలు సఫూరా. పాలకొల్లులో ఆవిడ కొత్త ఇంటి ప్రతిష్ఠ సరిగ్గా ఆ బుధవారం తర్వాత వచ్చే శనివారం. లీవు దొరకలేదని ఆవిడకి చెప్పేశాడు. సత్యరాజు పేరులో సత్యం ఉంది. అది పేరులోనే ఉంది. మస్కట్‌లో కూర్చుని పాలకొల్లుకు మస్కా కొట్టాడు.

ఒక్కటే దిగులు. పాస్‌పోర్టులు వీసా ఆఫీసుకు వెళ్లి నాలుగు వారాలైంది, ఇంకా తిరిగి రాలేదు.

ఆ దిగులే సాయంత్రం కూటంలో అతని నోరు తెరిపించింది. కూటం పక్క వీధిలో జెరెమియా ఇంట్లో. జెరెమియా ల్యాబ్ టెక్నీషియన్, ఆ కూటానికి పెద్ద. అతని భార్య అబిగైల్, మేరీకుమారి ఒకే వార్డులో పనిచేస్తారు. పాటలయ్యాక జెరెమియా నోటుబుక్కు తెరిచి, "ప్రార్థనాంశాలు ఉంటే చెప్పండి," అన్నాడు. ఒకరు పిల్లవాడి పరీక్షలన్నారు, ఒకరు మోకాళ్లన్నారు. వీసా కోసం తను కూడా ఒక మాట వేసుకుంటే పోయేదేముందని సత్యరాజు లేచాడు. లేచాక సఫూరా గుర్తొచ్చింది.

"నాకు ఒకటుందండి. అది... బయటికి చెప్పుకునేది కాదు."

మేరీకుమారి అతని చొక్కా అంచు పట్టుకుని లాగింది. కూటంలో వాళ్లు ఆ లాగడం కూడా చూశారు.  జెరెమియా చాలా నెమ్మదిగా, "సత్యరాజు అన్నయ్యగారు, చెప్పుకోలేని అంశం," అని రాసుకుని, దాని కింద రెండు గీతలు గీశాడు.

శుక్రవారం ఆరాధన అయ్యి ఇంటికొచ్చేసరికి గుమ్మం ముందు అబిగైల్ చికెన్ సూపు పట్టుకుని నిలబడి ఉంది.

"వదినా, దాచకండి. ఎప్పట్నించి?"

"దేనికి ఎప్పట్నించి?"

"అన్నయ్యగారు మూడు నెలల్లో ఎంత చిక్కిపోయారో నేను చూడట్లేదా."

అందులో అబద్ధం లేదు. బీచ్ ఫోటోల్లో పొట్ట కనిపించకూడదని సత్యరాజు మూడు నెలలుగా రాత్రి అన్నం మానేసి ఆరు కిలోలు తగ్గాడు. ఆ సంగతి చెప్పాలంటే బీచ్ సంగతి చెప్పాలి.

"నాకేమీ లేదమ్మా, బ్రహ్మాండంగా ఉన్నాను," అన్నాడు సత్యరాజు.

"పేషెంట్లందరూ అదే అంటారు అన్నయ్యగారూ," అంది అబిగైల్ కళ్లొత్తుకుంటూ. "ఇద్దరూ ఒకేసారి లీవు పెట్టారు. కంపెనీని ఇండియా టికెట్టు అడగలేదు. లీవు పెట్టి ఊరెళ్లకుండా ఉండే మనిషిని గల్ఫ్‌లో నేనింతవరకూ చూడలేదు, ఆపరేషన్ అయితే తప్ప."

సూపు గిన్నె పెట్టడానికి చోటు చేస్తూ ఆమె బల్ల మీది కాగితాలు పక్కకు జరిపింది. యూరప్ ప్రయాణానికి తప్పనిసరని తీసుకున్న బీమా కాగితాల్లో రెండో పేజీ పైకొచ్చింది. అత్యవసర వైద్యం, ఆసుపత్రిలో చేరిక, ఆఖరి వరుసలో మృతదేహాన్ని స్వదేశానికి చేర్చే ఏర్పాటు. అబిగైల్ ఆఖరి వరుస రెండుసార్లు చదివింది. మేరీకుమారిని కౌగిలించుకుని వెళ్లిపోయింది.

"విన్నారా," అంది మేరీకుమారి తలుపు వేసి. "సెలవు పెట్టారంటే, లోకం నుంచే సెలవు తీసుకుంటున్నారనుకుంటున్నారు. నిజం చెప్పేయండి."

"అబిగైల్ వాళ్లమ్మ ఉండేది సఫూరా వీధిలోనే. ఇక్కడ చెబితే అక్కడ వినిపిస్తుంది. తిరిగొచ్చాక తగ్గిపోయిందని చెబుదాం."

"లేనిది ఎలా తగ్గుతుందండీ?"

"లేనిదే కదా, తగ్గించడం తేలిక."

శనివారం వాచ్‌మన్ పోచన్న బెల్లు కొట్టాడు. జగిత్యాల మనిషి. ముందు సహం అనే ఊళ్లో కట్టడాల సైటు మీద పనిచేసి, మోకాళ్లు అరిగాక ఈ బిల్డింగు కాపలాకి వచ్చాడు.

"సార్, గిట్ల చెప్పకుంట పోతరా? ఇన్నేండ్ల దోస్తానా మనది."

"ఎక్కడికి పోతున్నాను పోచన్నా?"

"నౌకరి ఖతం చేసుకొని ఇంటికి. నిన్న మీ రెండు కొత్త పెట్టెలు పైకి మోసింది నేనే గద సార్. సహంల పన్నెండేండ్లు చూసిన. గంత పెద్ద పెట్టె కొన్నోడు మల్ల రాలే. ఓనర్‌కు ఫోన్ చేసి చెప్పిన, పొద్దుగూకంగ ఇద్దరొస్తరు ఇల్లు చూడ."

"ఎవడు చెప్పమన్నాడయ్యా నిన్ను?"

"మీకెందుకు తకలీఫ్ అని నేనే చెప్పిన సార్," అన్నాడు పోచన్న, మెచ్చుకోలు కోసం కాసేపు నిలబడి.

సాయంత్రం వచ్చినవాళ్లు ఇద్దరు కాదు. గల్ఫ్ వదిలి వెళ్లే ఇంట్లో సామాను అగ్గువకు దొరుకుతుందని తెలియనివాళ్లు ఆ వీధిలో లేరు. ఒకాయన టేపు తెచ్చుకుని ఫ్రిజ్ కొలిచాడు. ఇంకొకాయన సోఫా మీద కూర్చుని, లేచి, మళ్లీ కూర్చుని చూశాడు. ఓదార్చడానికి మళ్లీ వచ్చిన అబిగైల్ అరగంట సేపు ఏడ్చి, కన్నీళ్లు తుడుచుకుని, వాషింగ్ మెషిన్ ఎన్ని కిలోలదని అడిగింది.

"ఘుబ్రాలో గాబరా అంటే ఇదే," అన్నాడు సత్యరాజు అందరూ వెళ్లాక.

"ఇంకొక్కటి అన్నారంటే సోఫాతో పాటు మిమ్మల్నీ ఇచ్చేస్తాను," అంది మేరీకుమారి. "టేపుతో వచ్చినాయన వెళ్తూ వెళ్తూ బీపీ కూడా చూపించుకుని వెళ్లాడు. తెలుసా మీకు?"

ఆదివారం సఫూరా ఫోన్ చేసింది. మామూలుగా ఆవిడ గొంతు పాలకొల్లు నుంచి ఫోన్ లేకుండానే వినిపిస్తుంది. ఆ రోజు మాత్రం చాలా మెత్తగా వచ్చింది.

"అన్నయ్యా, అన్నం తిన్నావా?"

"తిన్నానమ్మా. బాగున్నాను. ఎవరో ఏదో చెప్పుంటారు..."

"నువ్వు మాట్లాడకు. ఆయాసం వస్తుంది. ప్రతిష్ఠ వాయిదా వేశాను. నువ్వు లేచి తిరిగాకే ఆ ఇంట్లో పాలు పొంగిస్తాం."

ఫోన్ పెట్టేశాక సత్యరాజుకి నిజంగానే ఆయాసం వచ్చింది. మేరీకుమారి అతని చేతిలోని ఫోన్ వైపు చూపించింది. "ఇప్పుడైనా తిరిగి చేసి చెప్పండి."

"ఇప్పుడు చెబితే ఇక్కడికొచ్చి చంపుతుంది."

"మంచిదే. అందరూ అనుకుంటున్నదే అవుతుంది."

మంగళవారం మధ్యాహ్నం పాస్‌పోర్టులు వచ్చాయి. రెండింటిలోనూ వీసా ఉంది. మేరీకుమారి ఆ పేజీ మీద చెయ్యి పెట్టి కాసేపు అలాగే కూర్చుంది. ఇరవై రెండేళ్లలో ఆమె ఏ కాగితాన్నీ అంత సేపు పట్టుకోలేదు, జ్వరాల చార్టులు తప్ప. ఆ ఆనందం ఒకటిన్నర నిమిషం నిలిచింది. అప్పుడే కూటం గ్రూపులో జెరెమియా సందేశం వచ్చింది. సత్యరాజు అన్నయ్యగారి నిమిత్తం రేపటి నుంచి మూడు రోజులు ఉపవాస ప్రార్థన, స్థలం వారి గృహమే, సమయం ఉదయం పది. డ్యూటీ లేనివారందరూ రావలెను. కింద ముప్పై నాలుగు ఆమెన్లు.

"ఎనిమిదింటికే బయటపడదాం," అన్నాడు సత్యరాజు. "ఎయిర్‌పోర్టులో ఆరు గంటలు కూర్చుంటే ఏం పోయింది? తలుపుకి చీటీ పెడదాం, ఆసుపత్రికి వెళ్లామని."

బుధవారం సరిగ్గా ఎనిమిదింటికి రెండు పెట్టెలూ చెరొకటి పట్టుకుని తలుపు తెరిచారు. ఎదురుగా జెరెమియా, అబిగైల్. వాళ్ల మధ్యలో స్టీలు క్యారేజీ పట్టుకుని సఫూరా. వెనక ఆవిడ సంచి నెత్తిన పెట్టుకుని పోచన్న.

"మీకు చెప్పకుండా తీసుకొద్దామనుకున్నాం అన్నయ్యగారూ," అన్నాడు జెరెమియా. "సఫూరా గారు తెల్లవారుజామున దిగారు. ఆన్‌లైన్‌లో వీసా, ఒక్కరోజులో వచ్చేసిందట."

ఒక్కరోజులో అన్న మాట విని మేరీకుమారి కళ్లు మూసుకుంది.

"పోతున్నరని నేను చెప్పలేదా," అన్నాడు పోచన్న పెట్టెలు చూసి.

సఫూరా ముఖం చూడగానే సత్యరాజు పెట్టె వదిలేశాడు. వెనక్కి నడిచి సోఫాలో పడుకున్నాడు. ఆవిడ వచ్చి అతని నుదుటి మీద చెయ్యి వేసింది. "నీరసానికి సున్నుండలు తెచ్చాను, ఒక్కటి తిను," అని ఏడ్చింది. "బ్యాగులతో ఎక్కడికి బయల్దేరారు?"

"ఆసుపత్రికి," అన్నాడు సత్యరాజు కళ్లు తెరవకుండా.

"ఇంత పెద్ద పెట్టెలా?" అంది అబిగైల్. "వదినా, మీరు కంగారులో ఏం సర్దారో ఏమో. లుంగీలు, తువ్వాళ్లు పైన ఉండాలి. ఆగండి, నేను సర్దిపెడతాను." అని, మేరీకుమారి వద్దనే లోపల జిప్పు లాగేసింది.

పెట్టెలోంచి ముందు ఒక గడ్డి టోపీ బయటికొచ్చింది. తర్వాత ఇంకో గడ్డి టోపీ. తర్వాత రెండు నల్లకళ్లద్దాలు, ఎండ తగలకుండా పూసుకునే క్రీము, ఆఖరున ఎర్ర చిలకల బొమ్మలున్న ఈత నిక్కరు. అబిగైల్ ఆ నిక్కరును రెండు చేతులతో విప్పి చూసింది.

"అన్నయ్యగారూ, ఇది ఏ వార్డులో వేసుకుంటారు?"

 సత్యరాజు కళ్లు ఇంకా గట్టిగా మూసుకున్నాడు. ఈ ప్రపంచంలో ఎవరో ఒకరు మాట్లాడాలి కాబట్టి మేరీకుమారి మాట్లాడింది.

"ఈయనకి ఏ జబ్బూ లేదు. పొట్ట తగ్గించుకుంటే చిక్కారు. లీవు దొరికింది, దొరకలేదని చెప్పారు. మేము సముద్రం చూడ్డానికి వెళ్తున్నాం, ఫ్రాన్స్, ఇటలీ. రెండున్నరకి విమానం. చెప్పుకోలేని అంశం అంటే వీసా. ఇరవై రెండేళ్లుగా అందరి పెళ్లిళ్లకీ శ్లాబులకీ వెళ్లాను, ఒక్కసారి నా కోసం వెళ్దామనుకున్నాను. అది చెప్పుకోలేని సంగతి ఎందుకైందో నాకింతవరకూ తెలియదు. వాషింగ్ మెషిన్ ఏడు కిలోలు. అది అమ్మకానికి లేదు."

సఫూరా నుదుటి మీది చెయ్యి తీసింది. "అయితే నీకేం లేదా?"

"లేదు," అన్నాడు సత్యరాజు.

"దేవుని మీద ఒట్టు?"

"లేదమ్మా."

సఫూరా మొదట దేవునికి స్తోత్రం చెప్పింది. తర్వాత అన్నగారి వీపు మీద ఒక్కటి చరిచింది. పోచన్న మెట్ల దాకా వెనక్కి తగ్గాడు. "ముగ్గురు పాస్టర్లని పిలిచి వద్దన్నాను. షామియానా వాడికి వద్దన్నాను. రాత్రంతా విమానంలో ఏడుస్తూ వచ్చాను, పక్కసీటు ఆవిడ కూడా ఏడ్చింది. నిక్కరు కోసమా?"

"నేను చెబుదామనే..."

"నువ్వు మాట్లాడకు. ఈసారి ఆయాసం నాకు." ఆవిడ మేరీకుమారి వైపు తిరిగింది. గొంతు దిగింది. "వదినా, మీ టికెట్టు పారేసేది లేదు. మీరు వెళ్లండి. లీవు ఉందిగా ఈయనకి, పది రోజులు. నాతో పాలకొల్లు వస్తాడు. శనివారం ప్రతిష్ఠ జరుగుతుంది, షామియానా ఈయనే కట్టిస్తాడు. ఒక్కరే వెళ్లగలరా?"

"వార్డులో ఒక్కదాన్నే ముప్పై మందిని చూస్తాను. నాలుగు ఊళ్లు చూడలేనా," అంది మేరీకుమారి, అప్పటికే ఈత నిక్కరు అబిగైల్ చేతిలోంచి తీసి సోఫా మీద పెడుతూ.

"మేరీ," అన్నాడు సత్యరాజు లేచి కూర్చుని, "నీస్‌లో నువ్వు, నస మధ్యలో నేనా?"

 మేరీకుమారి పెట్టె జిప్పు వేసింది. పది గంటలకు కూటం వాళ్లు వచ్చేసరికి ఉపవాసం స్తోత్ర ప్రార్థనగా మారిపోయింది. సున్నుండలు తలా ఒకటి వచ్చాయి. ఫ్రిజ్ కొలిచినాయన మాత్రం బాగా నిరుత్సాహపడ్డాడు. ప్రార్థన మధ్యలో పోచన్న పెట్టె కిందికి దించాడు. జెరెమియా కారులో మేరీకుమారి ముందు సీట్లో కూర్చుంది, నల్లకళ్లద్దాలు ఘుబ్రాలోనే పెట్టుకుని.

శనివారం సాయంత్రం కూటం గ్రూపులో ఆమె ఒకే ఒక ఫోటో పెట్టింది. నీలం సముద్రం, గులకరాళ్ల ఒడ్డు, పక్కపక్కనే రెండు కుర్చీలు. ఒకదాంట్లో ఆమె చాపిన కాళ్లు, రెండోదాంట్లో ఆమె హ్యాండ్‌బ్యాగు. ఇరవై రెండేళ్లలో ఆమె పక్కన అంత నిశ్శబ్దంగా కూర్చున్నది అదొక్కటే.