నీళ్లు పారబోయించిన అధికారి

ఊళ్లో దోమల జ్వరం ఇంటింటికీ పాకింది. ఆసుపత్రిలో ఒక్కో మంచానికి ఇద్దరేసి రోగులు. ఆ ఉదయం ఆరోగ్యాధికారి వేసుకున్న పథకం చాలా చిన్నది: జీపుకు మైకు కట్టించి వీధులన్నీ తిరగడం, వారానికి మించి నిల్వ ఉన్న నీళ్లు పారబోయండని చెప్పడం, భోజనాల వేళకు ఆఫీసుకు చేరడం.

మైకు పాతది. ముందు మాటలన్నీ గుటుక్కున మింగేసి చివరివి మాత్రం కక్కేది. జీపులో కూర్చున్న ఆయనకు ఆ సంగతి తెలియదు. జనానికి వినబడింది ఒక్కటే: "నీళ్లు పారబోయండి."

సర్కారువారు ఊరికే చెప్పరు కదా. నీళ్లలో ఏదో కలిసిందట అని ఒకరన్నారు. పక్క వీధికి చేరేసరికి ఆ ఏదో కాస్తా విషమైంది. జనం తొట్లు బోర్లించారు, మేడల మీది ట్యాంకులు ఖాళీ చేశారు, విషపు జిడ్డు వదలాలని పీచు పెట్టి తోమారు. పూలకుండీల కింది పళ్లాలను కూడా వదల్లేదు. ఆపైన అందరూ ఒక్కసారే కుళాయిలు తిప్పారు. ఊరి నీళ్ల ట్యాంకు చేతులెత్తేసింది.

మధ్యాహ్నానికి ఖాళీ బిందెలు ఆఫీసును చుట్టుముట్టాయి. ఆయన వెనక తలుపులోంచి బయటపడి ఇల్లు చేరితే, భార్య తొట్టి తోముతోంది.

"నువ్వు కూడానా?" అన్నాడు నీరసంగా.

"మైకులో 'నీళ్లు పారబోయండి' అన్నది మీరేగా? పెళ్లయ్యాక మొదటిసారి మీ మాట విన్నాను. అదీ తప్పేనా?"

ఆయనకు ముద్ద దిగలేదు. ఉద్యోగం ఊడితే ఊడనీ, జ్వరంతో ఉన్నవాళ్ల గొంతు తడిసేదెలా? ట్యాంకర్లు తెప్పించి, మొదటిదాన్ని ఆసుపత్రికి పంపి, మిగతావాటి వెంట కాలినడకన బయల్దేరాడు. విషమూ లేదు, గిషమూ లేదు, అదంతా మైకు నిర్వాకమని గడపగడపకూ చెప్పి తిట్లు తిన్నాడు. తిట్టి అలిసినవాళ్లే చివరికి కుర్చీ వేసి, దోమ ఎక్కడెక్కడ గుడ్లు పెడుతుందో చెప్పించుకున్నారు.

కొన్నాళ్లకు ఆరోగ్యశాఖ డైరెక్టరమ్మ నుంచి ఫోను వచ్చింది. ఆయన లేచి నిలబడే అందుకున్నాడు.

"మీ ఊళ్లో కొత్త జ్వరాలు దాదాపు ఆగిపోయాయి. ఏం చేశారు?"

"పొరపాటు చేశానండీ," అంటూ ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"ఆ పొరపాటు ఇక వారం వారం అన్ని ఊళ్లలోనూ చేయిద్దాం," అందామె. "నీళ్ల సరఫరా వాళ్లకు మాత్రం ముందే చెబుదాం."

అదే ప్రభుత్వ విధానమైంది. ఆసుపత్రి వార్డులు ఒక్కొక్కటే ఖాళీ అవుతూ వచ్చాయి. ఇంత మంచి విధానం కోసం ఎంత లోతుగా అధ్యయనం చేశారని ఒక విలేఖరి ఆయన్ని అడిగాడు.

"అడుగు కనబడేదాకా," అన్నాడు అధికారి.