కలిసిన కాలివేళ్ళు

ఆ రోజు ఉదయం జన్యు పరిశోధకుడు ఉమాపతి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఫలక్‌నుమాలో మొగులయ్య ఇంటికి వెళ్ళి, ఇంటిల్లిపాది రక్తం తీసుకుని, పన్నెండులోగా ల్యాబుకు చేరాలి. మొగులయ్యకు రెండు పాదాల్లోనూ రెండో వేలూ మూడో వేలూ కలిసిపోయి ఉంటాయి. తండ్రికీ తాతకీ అంతేనట. అందుకు కారణమైన జన్యువు ఏ క్రోమోజోము మీద ఉందో కనిపెట్టాలంటే ఒక్క ఇంటి రక్తం చాలదు, చుట్టాలు కావాలి. ఈ ఏడాది ఏదో ఒకటి తేల్చకపోతే పని ఆపేయమని డైరెక్టరు చెప్పేశాడు.

మొగులయ్య కంచన్‌బాగ్‌లో ఒక సర్కారు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. అతని వాకిట్లో జీపు ఆగడం, ఎవరో సారు పెద్ద కాగితం పరిచి పేర్లు రాసుకోవడం పక్కింటి అంజన్న చూశాడు.

"వదినా, ఏంది రాస్తుండ్రు?"

"మా ఖాందానంత రాసుకుంటరంట. సర్కారోళ్ళు," అంది మొగులయ్య భార్య మాణిక్యమ్మ.

ఆ మాట గల్లీ చివరికి చేరేసరికి, మొగులయ్య చుట్టాలకు ఫ్యాక్టరీలో నౌకరీలిస్తున్నారని మారింది. అరగంటలో ముప్పైమంది వరసకట్టారు.

"నేను మొగులన్నకు చిన్నబాపు కొడుకును సార్," అన్నాడు అంజన్న. మొగులయ్య మొహమాటంతో నేల చూశాడు.

అంజన్న వేళ్ళు విడివిడిగా ఉన్నాయి. "ఫర్వాలేదండీ, విడిగా ఉన్నవాళ్ళూ కావాలి," అని ఉమాపతి సంబరంగా రక్తం తీశాడు. రక్తం పట్టడానికి తెచ్చిన గొట్టాలన్నీ నిండాక, బాలనర్సింహ అనే అతను నిజంగానే కలిసిన వేళ్ళతో వచ్చాడు. ఉమాపతి ఆశగా పట్టుకుని చూస్తే విడిపోయాయి. జిగురు!

"ఇదంతా దేనికండీ?"

"నౌకరీకి సార్."

నౌకరీలు లేవని తెలిసిన నిమిషంలోనే ముప్పైమంది చుట్టరికం తెగిపోయింది. తిట్టుకుంటూ అందరూ ఒక్కసారే బయటపడ్డారు.

"నా దర్వాజ ముందట గీ లొల్లేంది?" అంటూ ఎదురింటి కృష్ణయ్య వాళ్ళకు అడ్డం వచ్చాడు. నల్లా దగ్గర పోట్లాడినప్పటి నుంచి ఆరేళ్ళుగా అతనికీ మొగులయ్యకీ మాటల్లేవు. తోపులాటలో అతని చెప్పు ఊడింది. ఉమాపతి ఆ పాదం చూసి, వంగి వేళ్ళు లాగి చూశాడు. విడలేదు.

"ఏయ్, ఏం గుంజుతున్నవ్!"

మొగులయ్య తల్లి నాగమణమ్మ గడప దాటి వచ్చి, ఆ కాలు తేరిపార చూసింది. "మీ అమ్మమ్మ పేరు బాలమ్మ గాదా, బిడ్డా?"

"అవును. నీకెట్ల ఎరుక?"

"ఆమె మా మామకు సొంత చెల్లె."

కృష్ణయ్య నలుగురు పిల్లలకూ అవే వేళ్ళని తెలిశాక ఉమాపతికి కళ్ళు చెమర్చాయి. "రేపు గొట్టాలతో వస్తానండీ. మీరు కాదంటే నా పని ఆగిపోతుంది."

కృష్ణయ్య మొగులయ్య వైపు ఒకసారి, ఉమాపతి వైపు ఒకసారి చూశాడు.

"రక్తం ఎంత గావాల్నో తీస్కో సార్. గీనితోని చుట్టరికం మాత్రం రాయకు."

ఉమాపతి సరేనన్నాడు. పని ఆగలేదు. డైరెక్టరు చూసిన వంశవృక్షంలో, ఇచ్చిన మాట ప్రకారం, ఆ రెండిళ్ళనూ కలిపే గీత మాత్రం చుక్కలతో ఉంది.